ముందు నడిచే బొడ్డమ్మ

గుల్లపేట ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తికెత్తుకుని పూండి స్టేషనుకి బయలుదేరారంటే, ఆ వరసలో అందరికంటే ముందుండేది బొడ్డమ్మ. ఇదేదో ఒకనాటి ముచ్చట కాదు. తుపాను రోజులూ, పురుటి నెలలూ తీసేస్తే పంతొమ్మిదేళ్ళపాటు మిగతా పదిహేనుమందీ ఆమె వీపు చూసుకుంటూనే నడిచారు. ఒడ్డునుంచి స్టేషను ఆరు కిలోమీటర్లు. మొదట ఇసుక, తర్వాత మొగలి పొదలు, ఆపైన జీడితోటలు, చివర్న తారు రోడ్డు. పొద్దుటి పాసింజరు అందితే కాశీబుగ్గ బజారులో నీడపట్టున చోటు దొరుకుతుంది, చేప కన్ను మెరుస్తుండగానే గంప ఖాళీ అయిపోతుంది. రైలు తప్పిందా, బస్సు కోసం పడిగాపులు పడి, ఎండెక్కాక చేరి, చేప ఇంత మెత్తబడిందేమని ప్రతివాళ్ళచేతా అనిపించుకోవాలి.

అందుకే ఆ ఊళ్ళో ముందు నడిచే మనిషికి అంత విలువ. ఆమె అడుగే అందరి అడుగు. ఆమెను దాటి ఎవరూ ముందుకు పోకూడదు, అది కట్టుబాటు. ఆమె తనంతట తాను పక్కకి తప్పుకుంటేనే వెనకామె ముందుకొస్తుంది. సర్పంచికైనా ఐదేళ్ళకోసారి గండం ఉంటుంది గాని, ఈ పదవికి కాళ్ళల్లో సత్తువ ఉన్నంతకాలం ఢోకా లేదు.

బొడ్డమ్మ పొట్టి మనిషి. నోరు మాత్రం పొడుగు. పదహారేళ్ళకి భావనపాడు నుంచి అప్పన్న పెళ్ళాంగా గుల్లపేట వచ్చింది. మూడోరోజునే అత్తగారు నెత్తిమీద గంప పెట్టి, చేతిలో చుట్ట పెట్టింది. ముట్టించిన కొన నోటి లోపలికి పెట్టుకుని కాల్చడం కూడా ఆవిడే నేర్పింది. మొదటిరోజు నాలుక కాలింది, రెండోరోజు చిగుళ్ళు కాలాయి, వారం తిరిగేసరికి అలవాటైపోయింది. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు అది చూసి నోరెళ్ళబెడతారు. అలా నోళ్ళు తెరిచేవాళ్ళని ఒక్కరోజు ఆ ఒడ్డున నిలబెడితే తెలుస్తుంది. ఆ గాలికి బయట పెట్టిన నిప్పు నాలుగు దమ్ములు కూడా నిలవదు. లోపల పెడితే ఆరదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులూ గంపకి దొరుకుతాయి. గుల్లపేటలో దూరాన్ని కూడా చుట్టలతోనే కొలిచేవారు. స్టేషనెంత దూరమంటే, రెండు చుట్టల దూరం. బొడ్డమ్మ ఇంటి దగ్గర ముట్టించిన చుట్ట జీడితోటల మొదట్లో అయిపోయేది, రెండోది తారు రోడ్డు ఎక్కేసరికి అయిపోయేది.

రెండువేల ఒకటో సంవత్సరం, వానలు వెనకబట్టిన రోజులు. ఆ రోజు జీడితోటల మధ్య ఉన్న తూము దగ్గరికి వచ్చేసరికి బొడ్డమ్మ కుడి పిక్కని ఎవరో గుప్పిట పట్టి పిండినట్టయింది. ఆగింది. ముందు మనిషి ఆగితే వరసంతా ఆగాలి, ఆగింది. ఏం చెప్పాలో తెలియక, నెత్తిమీద గంప కింద పెట్టుకునే గుడ్డకుదురు సర్దుకుంటున్నట్టు నటించింది. రెండు నిమిషాల్లో నొప్పి మాయం. మళ్ళీ జోరుగా నడిచింది. మర్నాడూ అదే తూము, అదే పిక్క. ఆ మర్నాడూ అంతే.

వెనకే నడిచే కోడలు భాను నాలుగోరోజు అడగనే అడిగింది.

"ఏటత్తా, నీ కుదురికి తూము కాడే జారాలని ఏటైనా మొక్కున్నాదేటి?"

"నోర్మూసుకుని నడువె. కొత్త గుడ్డ, నున్నగున్నాది," అంది బొడ్డమ్మ.

గుడ్డ పాతదే. భానుకీ తెలుసు, ఎందుకంటే ఉతికేది తనే.

ఇంటికెళ్ళి బొడ్డమ్మ ఆముదం రాసుకుంది, వేడినీళ్ళు పోసుకుంది, గంపలో చేపలు తగ్గించి చూసింది. నొప్పి తగ్గలేదు సరికదా, తూము దగ్గర్నుంచి మొగలి పొదలకి జరిగొచ్చింది. ఇంకొన్నాళ్ళకి ఇసుకలోనే పట్టుకుంటుందేమోనని లోపల దడ. ఆ దడ ఎవరికీ చెప్పలేదు. ముందు నడిచే మనిషి కాలు నొప్పి అని నోటితో చెబితే ఇంక ముందు నడవడమేమిటి?

కనిపెట్టినవాడు సింహాద్రి. అప్పన్నకి అన్న, బొడ్డమ్మకి బావ. ఒకప్పుడు గుల్లపేటలో తెప్ప మీద ఒంటరిగా ఎంత లోపలికైనా పోగలడని పేరు. మూడేళ్ళ క్రితం విశాఖపట్నంలో ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. అప్పట్నుంచి ఒడ్డున, తెప్పల పక్కన మంచం వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ మీద జోకులేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఆ సాయంత్రం బొడ్డమ్మ నడుస్తూ నడుస్తూ ఆగి పిక్క నొక్కుకోవడం చూశాడు. జోకు వేయలేదు.

"ఒలె బొడ్డా, ఇటు రా. నిలబడితే పోతన్నాదా నొప్పి?"

"పోతన్నాది బావా."

"నడిత్తే మళ్ళీ వత్తన్నాదా?"

"ఆఁ."

సింహాద్రి అన్నాడు, "నాకూ అలాగే మొదలైనాది. నాను ఎవరికీ సెప్పనేదు. వేలు నల్లబడినాక సెప్పినాను. రేపు గంపెత్తకు. టెక్కలి ఎల్లు."

బొడ్డమ్మ ఆ రాత్రి కుడి పాదం ఎడమ పాదం పక్కపక్కన పెట్టి చేత్తో తడిమి చూసుకుంది. కుడిది చల్లగా ఉంది. నిజం చెప్పాలంటే ఆమెకి భయమేసింది, చాలా భయమేసింది.

టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు ఇందుమతి. సన్నటి మనిషి, కళ్ళజోడు, ఎప్పుడూ నవ్వుమొహం. బొడ్డమ్మ పాదం మీద, మడమ పక్కన వేళ్ళు పెట్టి నాడి వెతికింది. ఎడమ కాలికి దొరికింది, కుడి కాలికి ఎంత వెతికినా సరిగ్గా దొరకలేదు. చేతికి కట్టే బీపీ పట్టీని కాలికి కూడా కట్టి చూసింది. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"కాలికి రక్తం తీసుకెళ్ళే గొట్టాలుంటాయి కదమ్మా. వాటి లోపలి గోడకి ఒక పొర ఉంటుంది. కంటికి ఆననంత సన్నం. కాని అది ప్రాణమున్న పొర. రక్తాన్ని గోడకి అంటుకోనివ్వదు, ఊరికే గడ్డకట్టనివ్వదు. నువ్వు గంపెత్తుకుని జోరుగా నడిచావనుకో, కాలికి ఎక్కువ రక్తం కావాలి. అప్పుడు గొట్టాన్ని కాస్త వెడల్పవమని చెప్పేది కూడా ఆ పొరే."

"అంత సన్నపుదానికి అన్ని పనులేటమ్మా?"

"అన్నీ అదే చేస్తుంది. నువ్వు కాల్చే చుట్ట దాన్ని రోజూ దెబ్బతీస్తోంది. దెబ్బతిన్న చోట కొవ్వు చేరుతుంది, గోడ మందమవుతుంది, దారి ఇరుకైపోతుంది. కూర్చున్నప్పుడు వచ్చే రక్తం సరిపోతుంది. నడిస్తే చాలదు, అందుకే పిక్క గోల పెడుతుంది. చుట్ట మానెయ్. ఈ మాత్రలు రోజూ వేసుకో. నొప్పి వచ్చేదాకా నడువు, వస్తే ఆగు, తగ్గాక మళ్ళీ నడువు. నెల తర్వాత రా."

బొడ్డమ్మ బుద్ధిగా తలూపింది. బస్సెక్కాక ఆలోచన మొదలుపెట్టింది. ఆమెకి ఆలోచన రావడమే ఆలస్యం, సమస్య తేలిపోవాల్సిందే. కాశీబుగ్గలో మగాళ్ళు సిగరెట్లు కాలుస్తారు, చుట్టలు కాలుస్తారు, ఎవడి పిక్కా పట్టడం తను చూడలేదు. వాళ్ళ నిప్పు బయట ఉంటుంది. సింహాద్రి బావ లోపల నిప్పు పెట్టి కాల్చేవాడు, కాలు పోయింది. తనూ లోపలే పెడుతుంది, పిక్క పట్టింది. నోట్లో నిప్పుంటే రక్తం కాగుతుంది, కాగిన రక్తం కిందికి దిగి, ఆ సన్నటి పొరని కాల్చేస్తుంది. ఇంకేముంది! పాపం డాక్టరమ్మకి ఈ ఊరి చుట్ట సంగతి తెలియక మొత్తం మానెయ్ అనేసింది. పూండిలో బస్సు దిగేసరికి తీర్పు అయిపోయింది. చుట్ట తిప్పేస్తే చాలు.

ఆ నెల గుల్లపేట నవ్వని రోజు లేదు. ముప్ఫై అయిదేళ్ళు లోపల నిప్పుతో కాల్చిన మనిషికి బయట నిప్పుతో కాల్చడం రాలేదు. ఇసుక దాటకముందే చుట్ట ఆరిపోయేది, ఆగి ముట్టించేది, మళ్ళీ ఆరిపోయేది. బూడిద గంపలో పడకుండా మెడ పక్కకి వాల్చి నడిచేది. అలవాటు మీద ఒకసారి నిప్పు కొన లోపలికి తోయబోయి పై పెదవి చుర్రుమనిపించుకుంది. భాను వెనకాల చీర చెంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

"మా బొడ్డమ్మ పట్నం దొరసాని అయిపోనాది," అన్నాడు అప్పన్న.

"నవ్వు, నవ్వు. నీ కాలికి వచ్చినప్పుడు నానూ నవ్వుతాను," అంది బొడ్డమ్మ.

ఆరిపోయినదాన్ని మళ్ళీ మళ్ళీ ముట్టించడంతో రెండు చుట్టల దూరం కాస్తా నాలుగు చుట్టల దూరమైంది. నొప్పి మొగలి పొదలు కూడా దాటకుండానే వచ్చేస్తోంది. ఒకసారి ఆగే చోట రెండుసార్లు ఆగుతోంది. ఆ నెలలో మూడుసార్లు వరసకి వరసంతా పాసింజరు తప్పిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాని నెల నిండేసరికి ఎవరి మొహంలోకీ సూటిగా చూడలేకపోయింది బొడ్డమ్మ.

అయినా డాక్టరు ముందు కూర్చున్నప్పుడు గొప్పగానే చెప్పింది.

"నిప్పు బయట ఎట్టేసినానమ్మా. ఇంక లోపల ఎట్టను. ఒట్టు."

ఇందుమతికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. బొడ్డమ్మకి ఒళ్ళు మండింది.

"నవ్వుతావేటమ్మా? కాలిత్తే నిప్పు కాల్సాల గాని, పొగ కాలుత్తాదేటి?"

డాక్టరు నవ్వు ఆపింది. "మీ వంటింట్లో పొయ్యి పైన వాసాలుంటాయి కదా. ఏ రంగులో ఉంటాయి?"

"నల్లగుంటాయి. కారు నలుపు."

"ముట్టుకుంటే?"

"బంకబంకగా ఉంటాయి."

"వాటికి ఎప్పుడైనా నిప్పు తగిలిందా?"

బొడ్డమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆమె జీవితంలో అలా జరగడం అదే మొదటిసారి అని, తోడు వచ్చిన అప్పన్న తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు.

"నిప్పు ఏ వైపున్నా పొగ లోపలికే పోతుందమ్మా. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి కాలిదాకా. ఆ పొగ విషాన్ని అన్నింటికంటే ముందు ఆ పొరే తట్టుకోవాలి," అంది డాక్టరు, ఈసారి మెల్లగా. "ఇలాగే పోతే పుండు పడుతుంది, మానదు. నీ కాలు నీకు ఉండాలి."

"ఇప్పుడు మానేత్తే మరి? కాలిపోయినది కాలిపోయినట్టేనా?"

"ప్రాణమున్న పొర అని చెప్పాను కదా. దెబ్బ కొట్టడం ఆపితే చాలావరకు తేరుకుంటుంది. గోడకి పట్టినదంతా పోదు. కాని నడుస్తూ ఉంటే పక్కనున్న చిన్న చిన్న దారులు పెద్దవవుతాయి. రక్తం జోరుగా పారడమే ఆ పొరకి బలం."

ఇంటికొచ్చి బొడ్డమ్మ వంటింట్లో పీట మీద ఎక్కి వాసాన్ని వేలితో రాసి చూసుకుంది. వేలు నల్లగా, జిగటగా అయింది. ముప్ఫై అయిదేళ్ళుగా కింద వంట చేసుకుంటూ తలెత్తి చూడని వాసం అది. ఇలాంటిదేనా తన కాల్లో ఉన్నది అనుకుంది. చూరులో దాచిన చుట్టల కట్ట తీసి పొయ్యిలో పడేయబోయి, మళ్ళీ పొగ వస్తుందని గుర్తొచ్చి, ఒడ్డుకి తీసుకెళ్ళి అలల్లోకి విసిరేసింది. వెనకే పరుగెత్తుకొచ్చిన అప్పన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి నెత్తి బాదుకున్నాడు.

"ఓలమ్మో, నాకు ఇచ్చినా అయిపోను కదే!"

"నీకూ పొరున్నాది మావా," అంది బొడ్డమ్మ.

అంతకంటే కష్టమైన పని మర్నాడు తెల్లారి చేసింది. గంపలెత్తుకుని అందరూ నిలబడ్డాక, వరస మొదట్లోంచి నడిచి చివరికి పోయి నిలబడింది.

"భాను, ముందు నడువు."

"అలాగనకత్తా. ఊరు నన్ను తిడతాది," అంది భాను.

"నాను ముందుంటే రైలు తిడతాది. నడువె, బేగి."

భాను నడిచింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి బొడ్డమ్మకి పదిహేను వీపులు కనిపించాయి. మొగలి పొదల దగ్గర ఆగినప్పుడు వరస ముందుకు పోయింది. అందరూ మలుపు తిరిగాక ఆమె ఒంటరిగా నిలబడి, ఎవరూ లేరని చూసుకుని, ఏడ్చింది. నొప్పి తగ్గాక కళ్ళు తుడుచుకుని మళ్ళీ నడిచింది. పాసింజరు ఎప్పుడో వెళ్ళిపోయింది, బస్సుకి పోయింది.

మొదటి నెల ఇంట్లోవాళ్ళకి నరకం. నోరు ఊరికే ఉండక కాకుల్ని తిట్టింది, కుక్కల్ని తిట్టింది, బాగా వండిన కూరకి ఉప్పు లేదని భానుని తిట్టింది. నోట్లో ఏదో ఒకటి ఉండాలని ఎండు కొబ్బరి ముక్క బుగ్గన పెట్టుకునేది. ఉద్దానం అంటేనే కొబ్బరితోటల సీమ, అక్కడ కొబ్బరికి కరువా! వారానికి రెండు కాయలు ఆమె బుగ్గలోకే పోయేవి. ఒకరోజు పక్కింటి గుమ్మంలో చుట్ట వాసనకి అరగంట నిలబడిపోయిందని, పేరంటానికి వచ్చానని బొంకిందని చెప్పుకుంటారు. ఆమె ఒప్పుకోదు.

బజారునుంచి వచ్చాక సాయంత్రం గంప లేకుండా ఒడ్డు వెంట నడక. దీనికి మేస్త్రీ సింహాద్రి. తన మంచం దగ్గర్నుంచి బయలుదేరమనేవాడు. ఎక్కడ ఆగితే అక్కడ ఆమె ఒక పుల్ల గుచ్చాలి. మొదటి రోజు పుల్ల మూడో తెప్ప పక్కనే పడింది.

"మూడో తెప్పకే అలిసిపోతే నీకంటే నానే నయం. నానొక్క కాల్తో గెంతుతాను," అన్నాడు సింహాద్రి.

"గెంతు బావా, సూత్తాను!"

పదిరోజులకి పుల్ల తెప్పలన్నీ దాటింది. నెలకి వలలు ఆరబెట్టే చోటు దాటింది. ఒక్కోరోజు వెనక్కి వచ్చేది, అప్పుడు బొడ్డమ్మ పుల్లని తిట్టేది. మూడునెలలకి అది ఇసుక దిబ్బ మలుపు చేరి, మంచం మీదినుంచి కనపడకుండా పోయింది. ఆ సాయంత్రం తిరిగొచ్చేసరికి సింహాద్రి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏటి బావా?"

"ఏటీనేదు. కాలు తీసేసినాకే నాను సుట్ట మానేసినాను. అప్పుడు మానితే కాలు తిరిగొత్తాదేటి? నువ్వు ఆగకు. నా కాలికి కూడా కలిపి నడువు."

బొడ్డమ్మ వెనక్కి తిరిగి, చీకటి పడేలోగా ఇంకోసారి దిబ్బదాకా నడిచి వచ్చింది.

అయిదో నెల టెక్కలి వెళ్ళినప్పుడు డాక్టరు కుడి పాదం మీద వేళ్ళు పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత బొడ్డమ్మ వేలే పట్టుకుని అక్కడ ఆనించింది. చర్మం కింద ఏదో, చేప పిల్ల తోకాడించినంత మెల్లగా, కొట్టుకుంటోంది. బొడ్డమ్మ వేలు తీయలేదు. తర్వాతి రోగి వచ్చి నిలబడినా తీయలేదు.

"మాత్రలు మానకు, చుట్ట ముట్టుకోకు," అంది డాక్టరు.

"ముట్టను. ఇది కొట్టుకుంతన్నాదమ్మా!" అంది బొడ్డమ్మ, ఆ గది ఆమెదే అన్నంత గట్టిగా.

అప్పట్నుంచి కాశీబుగ్గ బజారులో చేప కొనడానికి వచ్చినవాడు పొర గురించి వినకుండా కదలడానికి లేకపోయింది. బేరం తర్వాత, ముందు పాఠం. వేళ్ళ మధ్య సిగరెట్టుతో ఎవరైనా వస్తే ఎంత డబ్బిస్తానన్నా చేప ఇచ్చేది కాదు. నీ వంటింటి వాసం సూసుకుని రా, అప్పుడు ఇత్తాను, అనేది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, ఇద్దరు ముగ్గురు ఇంటికెళ్ళి నిజంగానే వాసాలు చూసుకున్నారు. ఆఖరికి అప్పన్న కూడా తెప్ప మీదికి చుట్ట తీసుకెళ్ళడం మానేశాడు. మానకపోతే రోజూ తిండి దగ్గర పాఠం వినాలి మరి.

జీడి పూత వాసన తోటల్లో కమ్ముకున్న ఒక పొద్దున, గుల్లపేట వరస ఎప్పటిలాగే బయలుదేరింది. ముందు భాను, చివర బొడ్డమ్మ. ఆ రోజు గాలి చల్లగా ఉంది. ఇసుక దాటింది, నొప్పి లేదు. మొగలి పొదలు దాటింది, పిక్క ఊరికే ఉంది. బొడ్డమ్మకి తెలియకుండానే అడుగు వేగం పెరిగింది. ముందామె వెనక్కి చూసి పక్కకి జరిగింది. ఆ ముందామె కూడా జరిగింది. ఒక్కొక్కరే దారి ఇస్తుంటే, ఎవరూ ఏమీ అడగకుండానే, బొడ్డమ్మ భాను వెనక్కి వచ్చేసింది.

అక్కడితో ఆగాలి. ముందు మనిషిని దాటకూడదు. ఆ కట్టుబాటు పంతొమ్మిదేళ్ళు తన కోసమే కాపాడుకున్నది, ఇప్పుడు తనే తప్పుతుందా? భాను బాగానే నడుస్తోంది. రైళ్ళు తప్పడం లేదు. ఇంక ఇది భాను చోటే, వెనక రెండోదానిగా ఉన్నా చాలు, కాళ్ళున్నాయి, అంతకంటే ఏం కావాలి అని మనసుకి చెప్పుకుంది. చెప్పుకుంటూనే, కోడలి అడుగు తనకి చాలడం లేదని కూడా తెలుస్తోంది.

తూము వచ్చింది. పిక్క మొదటిసారి పట్టేసిన తూము. బొడ్డమ్మ ఊపిరి బిగబట్టింది. నొప్పి రాలేదు.

సరిగ్గా అక్కడ భాను ఆగింది. దారి పక్కకి తప్పుకుని, గంప ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నెత్తిమీది కుదురు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"కుదురు జారిపోతన్నాదత్తా. నువ్వు పద."

బొడ్డమ్మ ఆ కుదురు వైపు చూసింది. అది ఎక్కడా జారలేదు. కొబ్బరిపీచు చుట్టి గట్టిగా కుట్టిన కుదురు, నిన్న రాత్రి తన కళ్ళముందే భాను కుట్టింది. కోడలు మొహం చూడబోతే, అది కావాలని జీడిచెట్ల వైపు తిరిగి ఉంది. బొడ్డమ్మ కోడలి బుగ్గ గట్టిగా గిల్లింది, భాను "అబ్బా!" అంది, అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది.

తర్వాత ఆమె ముందుకు నడిచింది. ఎదురుగా వీపులేవీ లేవు, ఖాళీ దారి ఒక్కటే. కొబ్బరి ముక్క ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చి, వెనక్కి తిరగకుండానే కేకేసింది.

"బేగి నడవండర్రా! ఆ రైలేటి, మీ మావ తోల్తన్నాడేటి, ఆగడానికి?"